అరువు ఏడుపు

కోదండం ఏడ్చాడు. అది చూపించడానికే ప్రభుత్వం మమ్మల్ని నెలనెలా హైదరాబాదు పిలిపించేది.

అద్దానికి అవతల రెండు కుర్చీలు. ఒకదాంట్లో మా వదినె అనసూర్య. రెండోదాంట్లో ఆమె కూతుర్ని పొట్టనపెట్టుకున్నవాడు. ఇద్దరి తలలకూ వైర్ల టోపీలు. మధ్యలో ఫ్రిజ్ అంత పెట్టె ఒకటి సన్నగా రొద పెడుతూ ఉంటుంది. వదినె కళ్లు మూసుకుని పోయిన బిడ్డను తలుచుకోవాలి. ఆమెలో ఎంత దుఃఖం లేస్తే అంత దుఃఖమూ పెట్టె దాటిపోయి అవతలివాడిలో లేస్తుంది. ఇదీ శిక్ష. దీనికి సంవేదన శిక్ష అని చక్కని పేరు కూడా పెట్టారు.

ఆ రోజు కోదండం కుర్చీ చేతులు పట్టుకుని "బిడ్డా, నా బిడ్డా" అని గొంతు పగిలేలా అరిచాడు. ఎవరి బిడ్డ? మా మనీషా బతికున్నప్పుడు దాని మొహం కూడా సరిగ్గా చూసి ఉండడు. నా పక్కన కూర్చున్న సాక్షుల అధికారి తెర మీద కోదండం ఏడుపు దాటాల్సిన ఎర్ర గీతను చూపించి, "దాటిందండీ, బాగా దాటింది" అన్నాడు. అతని సంబరం చూస్తే మనీషాకు నీట్‌లో ర్యాంకు వచ్చిందేమో అనుకోవాలి.

నేను అతని వైపు చూడలేదు. వదినెను చూస్తున్నాను. ఆమె ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

నా పేరు సులోచన. ఆర్టీసీలో కండక్టర్‌ని. అనసూర్య నా భర్త రవీందర్‌కు అక్క. ఆమెకూ సమ్మయ్య అన్నకూ మనీషా ఒక్కతే సంతానం. పరకాలలో టైల్స్ పని చేసుకునే మనిషి సమ్మయ్యన్న. బిడ్డను డాక్టరు చేయాలని హనుమకొండలో కోదండం కాలేజీ హాస్టల్లో వేశాడు. అక్కడ వారం పరీక్షలో మార్కులు తగ్గిన పిల్లల్ని మిద్దెమీది రేకుల గదిలో పెట్టి బయట తాళం వేసేవాళ్లు. పాఠం అప్పజెప్పేదాకా తిండి లేదు, బయటికి రావడం లేదు. వార్డెన్లు జాలిపడి తలుపు తీస్తున్నారని తాళంచెవి వాళ్ల దగ్గర ఉంచొద్దని కోదండమే చెప్పాడు. మనీషా ఒక్కతే ఆ గదిలో ఉన్న రోజు పాత కూలర్ వైరు అంటుకుంది. తాళంచెవి ఉన్న మనిషి ఎక్కడో చాయ్ తాగుతున్నాడు.

కోర్టులో కోదండం ఏమన్నాడో తెలుసా? "పిల్లలు బాగుపడాలనే శిక్ష వేశాను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి గొంతులో ఇంత వణుకు లేదు.

కొత్త చట్టం వచ్చినప్పుడు మా డిపోలో అందరం మెచ్చుకున్నవాళ్లమే. జైలుకు పంపితే డబ్బున్నవాడు బెయిలు తెచ్చుకుని నవ్వుకుంటూ వస్తాడు. అదే తల్లి కడుపుకోత ఎట్లా ఉంటుందో వాడికి తగిలిస్తే? వినడానికి ఎంత బాగుంది! ఆ కోత వాడికి తగలాలంటే ప్రతిసారీ తల్లి కడుపును మళ్లీ కోయాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

సిట్టింగ్ అయ్యాక వదినెను నర్సు పడుకోబెట్టింది. నేను మంచినీళ్ల కోసం వరండాలోకి వచ్చేసరికి కోదండం మొహం కడుక్కుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. డ్రైవర్ టిఫిన్ డబ్బా విప్పి ఉప్మా పెడుతున్నాడు. నన్ను చూసి లేచి చేతులు జోడించాడు.

"అమ్మా, మీ ఆడబిడ్డకు నా మాటగా చెప్పండి. ఆ తల్లి దయ వల్ల నాకు కంటినిండా నిద్ర పడుతోంది. ఆ ప్రమాదం అయిన కొత్తల్లో కళ్లు మూస్తే చాలు, భయమేసేది. ఇప్పుడు మనసంతా కడిగినట్టుంది."

"నీ నోట్ల మన్నువడ!" అన్నాను. "మా వదినె పండక ఏడాది దాటింది. నువ్వు కంటినిండ పంటున్నవా? ఉప్మా మంచిగున్నదా? ఇంకింత ఏయిచ్చుకోరాదు!"

డ్రైవర్ అడ్డం వచ్చాడు. నేను వాణ్ణి కూడా నాలుగు తిట్టాను. బస్సులో తాగుబోతుల్ని దించి దించి నా గొంతుకు అలవాటే. ఆ కేకలకు ఆ మిషన్ తయారుచేసిన డాక్టర్ పరిమళ బయటికి వచ్చి నన్ను తన గదిలోకి తీసుకుపోయింది. నలభై ఏళ్లుంటాయి. ఆమె కళ్ల కింద నలుపు చూస్తే ఆమెకూ నిద్ర లేదని తెలుస్తోంది. నాకు జాలి కలగలేదు.

"ఒక్కసారి ఏడ్చింది రికార్డ్ చేసి పెట్టుకోరాదా మేడం? వానికి రోజుకు పదిసార్లు ఏసుకోండ్రి. ఆమెనెందుకు పిలుస్తరు?"

"ప్రయత్నించామండీ. రెండోసారికే మెదడు గుర్తుపట్టేస్తుంది. చూసిన సినిమాలాగా అయిపోతుంది. అప్పటికప్పుడు పుట్టిన దుఃఖమైతేనే పనిచేస్తుంది."

"పనిచేసిందా? బయట ఉప్మా తింటున్నడు."

ఆమె తెర నా వైపు తిప్పి రెండు గీతలు చూపించింది. ఒకటి కోదండానిది. ఏడుస్తున్నంతసేపూ పైకి లేచి, టోపీ తీయగానే కిందికి పడిపోయి, మామూలు కంటే ఇంకా కిందికి పోయి హాయిగా పడుకుంది. రెండోది వదినెది. అది లేచిందే గాని దిగలేదు.

"దుఃఖం వెళ్తుందండీ, పాప వెళ్లదు" అంది డాక్టర్. "ఆయన దగ్గర ఆమె జ్ఞాపకం ఒక్కటీ లేదు కదా. దుఃఖానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, జారిపోతుంది. గట్టిగా ఏడ్చాక ఎవరికైనా మనసు తేలికవుతుంది. ఆయనకు మిగులుతున్నది ఆ తేలిక ఒక్కటే."

"గిది పైన సార్లకు చెప్పలేదా?"

"రాసి పంపాను. గీత దాటుతోంది కదా, శిక్ష అమలైనట్టే అని జవాబు వచ్చింది."

చేసిన తప్పు తెలియాలనే ఈ మిషన్ కట్టానని, ఇట్లా అవుతుందనుకోలేదని ఇంకా ఏదో చెప్పబోయింది. నేను లేచి వచ్చేశాను. ఎవరి మంచి ఉద్దేశాలూ వినే ఓపిక నాకు లేకపోయింది. కోదండం కూడా మంచి ఉద్దేశంతోనే తాళం వేశాడు.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయి దినాలు అయ్యాక, తల్లిగారి వైపు వాళ్లు వచ్చి దుఃఖంలో ఉన్నవాళ్లను నిద్రకు తీసుకుపోతారు. అంటే తమ ఇంటికి తీసుకుపోయి, కొత్త బట్టలు పెట్టి, కడుపునిండా తినబెట్టి, ఒక రాత్రి అక్కడ పడుకోబెడతారు. ఏడ్చింది చాలు, ఇక బతుకు అని చెప్పడం అది. ఆ నిద్ర అయ్యాకే ఆమె మళ్లీ పదిమందిలోకి వస్తుంది. మనీషా దినాలు అయినప్పుడు మేం చీర కొనుక్కుని వెళ్లేసరికి సాక్షుల అధికారి ముందే వచ్చి కూర్చున్నాడు. దుఃఖం తగ్గించే తంతులేవీ కేసు తేలి శిక్ష పూర్తయ్యేదాకా చేయొద్దని, గీత తగ్గితే సిట్టింగ్ చెల్లదని, వరసగా మూడు చెల్లకపోతే కోదండం శిక్ష తీరిపోయినట్టేనని చెప్పాడు. సాక్షికి బాధ తగ్గిందంటే నష్టం తగ్గినట్టేనట. కోదండం లాంటివాళ్ల లాయర్లు పట్టుబట్టి ఆ ముక్క చట్టంలో రాయించారట. విన్నారా? తల్లి కోలుకుంటే హంతకుడు విడుదల!

సమ్మయ్యన్న వెంటనే ఒప్పుకున్నాడు. మేం తీసుకుపోయిన చీర మాకే తిరిగి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మనీషా పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దాని దుప్పటి మడత కూడా విప్పలేదు. సిట్టింగ్‌కు ముందురోజు సమ్మయ్యన్న ఫోన్ తీసి, బిడ్డ పంపిన వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. "అమ్మా, ఐతారం వస్తవు గదా? సర్వపిండి జేస్కరా. గీ హాస్టల్ అన్నం నోట్లకు పోతలేదు." వదినె చెవులు మూసుకునేది. అతను ఆమె చేతులు తీసి మెసేజ్ మళ్లీ పెట్టేవాడు.

నేను ఒకసారి ఆ ఫోన్ గుంజుకున్నాను.

"అన్నా, ఏం జేస్తున్నవో ఎర్కనా? టికెట్ తీయనోనికి ఫైనేసి పక్క సీటామెతోని కట్టిపిస్తున్నవ్."

"మరి నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు. టైల్స్ కోసిన తెల్ల దుమ్ము అతని కనుబొమల మీద అట్లాగే ఉంది. "జైలుకు తోలితే బెయిల్ మీదొస్తడు. కాలేజీ మూపిస్తే ఇంకో పేరు పెడ్తడు. వాడు ఏడ్వాలె సులోచనా. నాకు గదొక్కటే మిగిలింది."

"నువ్వు కూసో ఆ కుర్చీల."

"కూసున్న. పనికి రానన్నరు."

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మొదట్లో అతన్ని కూడా పరీక్ష చేశారట. అతనిలో లేచిందంతా కోపమేనట, ఏడుపు కాదట. కోపం పంపితే ప్రతీకారం అవుతుందట. దుఃఖం పంపితేనే న్యాయమట. చట్టంలో అట్లా ఉందట. అతని కోపం కోదండానికి ఒక్క క్షణం తగిలినా వాడికి ఉప్మా దిగేది కాదు. అందుకే కాబోలు వద్దన్నారు.

నాకు సమ్మయ్యన్న మీద కోపం పోలేదు. కానీ ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

ఆ తర్వాత ఒకరోజు వదినె ఆస్పత్రికని నా బస్సే ఎక్కింది. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. రేగొండ దగ్గర ఒక ముసలాయన ఇంత పెద్ద గుమ్మడికాయతో ఎక్కి, దాన్ని సీట్లో పెట్టి తాను నిలబడ్డాడు. ఆడవాళ్లు సీటు అడిగితే ఇవ్వడే!

"తాతా, గుమ్మడికాయ సీట్ల కూసున్నది గదా, దానికి టికెట్ కొట్టాలె" అన్నాను.

"దానికి నడుములు నొస్తున్నయి బిడ్డా" అన్నాడాయన.

"అట్లనా? ఏ ఊరికి పోతదట? ఫుల్లా, ఆఫా?"

బస్సంతా నవ్వింది. వదినె కూడా నవ్వింది. ఎన్నాళ్లకో ఆమె పళ్లు కనబడ్డాయి. మరుక్షణం తన నోటి మీద తానే చటుక్కున చెంపదెబ్బలాగా కొట్టుకుంది. నా వైపు తిరిగి, దొంగతనం చేస్తూ దొరికినదానిలాగా, "గీత పడిపోతదా సులోచనా?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక ఆడది గుమ్మడికాయను చూసి నవ్వినందుకు భయపడాలా? కోదండం ఉప్మా తినొచ్చు, నిద్రపోవచ్చు, టీవీలో కూర్చుని "ఆ తల్లితో సమానంగా ఏడ్చాను" అని చెప్పుకోవచ్చు. ఇంతకూ శిక్ష పడింది ఎవరికి?

మరుసటి ఆదివారం మధ్యాహ్నం నేనూ రవీందర్ చీర తీసుకుని పరకాల వెళ్లాం. సమ్మయ్యన్న గడపలో నిలబడ్డాడు.

"అనసూర్యా, నువ్వు పోతే వాడు బయటపడ్తడు. బిడ్డ మొకం యాదికి తెచ్చుకో."

వదినె మా ఇద్దరి మధ్యా నిలబడింది. ఒక్కసారి అతని వైపు, ఒక్కసారి చీర వైపు చూసింది.

"దాని మొకం గా మిషన్ల పెట్టి పెట్టి అరగదీసిన. నాకు నిద్రస్తంది, జరుగు" అంది.

అతను జరిగాడు.

మా ఇంట్లో ఆమెకు తలంటు పోశాను. రవీందర్ కోడి తెచ్చి తానే కోసి వండాడు. ఏడుస్తూ వండాడు, ఉల్లిగడ్డల మీద నెపం పెట్టాడు. మరునాడు పొద్దెక్కేదాకా వదినె లేవలేదు. లేచి చాయ్ అడిగింది. చాయ్ తాగుతూ, మనీషా చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి చెప్పులు బియ్యం డబ్బాలో దాచిన సంగతి చెప్పింది. ఆ బియ్యం వండుకు తిన్నామో పారేశామో యాది లేదంటూ నవ్వింది. ఏడాదిలో మొదటిసారి ఆ ఇంటి పిల్ల గురించి మేం మాట్లాడుకున్నాం. అంతవరకూ మాట్లాడుకున్నదంతా గీత గురించే.

తర్వాతి సిట్టింగ్‌లో గీత దాటలేదు. వదినె కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. కోదండం పొడి కళ్లతో అటూ ఇటూ చూసి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగాడు. ఆ మాటలో ఆత్రం ఉంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

అధికారి వదినె దగ్గరికి వచ్చి, "మీ చేతులతో మీరే వాణ్ణి వదిలేస్తున్నారమ్మా" అన్నాడు. తర్వాత డాక్టర్‌తో, దుఃఖం పెంచే ఇంజెక్షన్ ఏదో ఉందట కదా అన్నాడు. పరిమళ మొహం తెల్లబోయింది.

"నేను చేయను. ఆమెకు ఏ నేరం మీద శిక్ష పడిందో రాసివ్వండి, అప్పుడు ఆలోచిస్తాను" అంది.

ఆ ఒక్క మాటకు ఆమె మీద నా కోపం సగం తగ్గింది. సగమే.

మూడు సిట్టింగులూ చెల్లలేదు. కోదండం శిక్ష తీరిపోయిందని కాగితం ఇచ్చారు. కాలేజీ ముందు పటాకులు కాల్చారు. గేటు దగ్గర పిల్లల్ని వరసగా నిలబెట్టి పూలు చల్లించారు. ఆ పిల్లల్లో ఏ రోజు ఏ పిల్ల ఏ గదిలో కూర్చుంటుందో ఎవరికి తెలుసు? నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను. నా బస్సు ఆ గేటు ముందు నుంచే పోవాలి. కిటికీలోంచి ఉమ్మాను. అంతకు మించి ఏం చేయగలను?

సమ్మయ్యన్న నాతో మాటలు మానేశాడు. నేను వెళితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఒకరోజు వదినె ఎదుటే, "వానికి తలుపు తీసింది నువ్వే" అన్నాడు. వదినె నిద్రపోతోంది, తింటోంది, కూలికి పోతోంది. దానికి మేం కట్టిన ధర కోదండం. తక్కువ ధరేం కాదని నాకూ తెలుసు. అయినా మళ్లీ అడిగితే మళ్లీ కడతాను.

వానలు పడే రోజుల్లో ఒక ఉదయం నేను పరకాలలోనే ఉన్నాను. వదినె అరుగు మీద చిక్కుడుకాయలు తెంపుతోంది. సమ్మయ్యన్న లోపల పనిముట్లు సర్దుకుంటున్నాడు. వాకిట్లో కారు ఆగింది. కోదండం దిగాడు.

మొదట పోల్చుకోలేకపోయాను. గడ్డం పెరిగింది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. డ్రైవర్ లేడు, తానే నడుపుకుని వచ్చినట్టున్నాడు. నేరుగా వచ్చి అరుగు కింద బురదలో నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్కసారి రండి. ఒక్కటే సిట్టింగ్. మీరు ఒప్పుకోనిదే మిషన్ ముట్టుకోనని డాక్టర్ అంటోంది."

వదినె చేయి ఆగింది.

"ఏమైందిరా నీకు? తీరిపోయింది గదా శిక్ష!" అన్నాను నేను.

"నిద్ర లేదమ్మా. ఆ సిట్టింగులు ఆగిపోయినప్పటి నుంచి కళ్లు మూస్తే పొగ వాసనొస్తోంది. గది కనబడుతోంది. లోపలి నుంచి తలుపు కొడుతున్నారు. నేను బయటున్నాను, నా చేతులు కదలవు." అతను వదినె వైపు తిరిగాడు. "మీ దగ్గర ఏడిస్తే పోయేదమ్మా. ఒక్కసారి ఏడ్చి పోతాను. నాకు సొంతంగా రావడం లేదు."

అప్పటికి సమ్మయ్యన్న బయటికి వచ్చి ఉన్నాడు. చేతిలో టైల్స్ కోసే కట్టర్ ఉంది. నేను అడ్డం పోబోయాను. అతను కట్టర్‌ను అరుగు మీద పెట్టి, కోదండానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏడాది పొడుగునా మా బిడ్డకోసం ఏడ్చినవ్ గదా. దాని గురించి ఒక్క ముచ్చట చెప్పు."

కోదండం నోరు తెరిచాడు.

"ఒక్కటే. పొడుగుండెనా, పొట్టిగుండెనా? గొంతు ఎట్లుండె? చెప్పు, ఇప్పుడే ఆమెను హైదరాబాద్ తోలిస్త."

వాడి కళ్లు మా ముగ్గురి మొహాల మీదా తిరిగాయి. మా మొహాల్లోంచి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. ఏమీ దొరకలేదు. సమ్మయ్యన్న ఎదురుచూశాడు. తర్వాత తిరిగి, నేను మాట్లాడకముందే నాతో అన్నాడు, "నేను వీడు ఏడుస్తుండనుకున్న సులోచనా. ఇన్నొద్దులు రెండు కుర్చీలల్ల ఈమెనే ఏడ్చిందన్నట్టు."

నేను తల ఊపాను.

"అమ్మా" అన్నాడు కోదండం. బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నేనేం చేయాలో చెప్పండి."

వదినె చిక్కుడుకాయల చేట ఎత్తుకుని లేచింది.

"నాకేం తెలుసు సారూ? నీ ఏడుపు నువ్వు ఏడువు. నాకు వంట పనున్నది."

ఆమె లోపలికి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడైంది. కోదండం అక్కడే ఉన్నాడు. వాన మొదలైనా లేవలేదు. మొహమంతా ముడుచుకుని, గుండె మీద కొట్టుకుని, ఏడవడానికి శతవిధాలా చూశాడు. నేను అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. రాలేదు.